మరదలి కాలి కింద క్లచ్

చనిపోయిన డ్రైవరు బూట్లు బావకి బిగుతుగా ఉన్నాయి.

"నడిస్తే అవే సాగుతాయి," అన్నాడు పెదనాన్న. "ఎడమ మడమలో విషం గుళిక ఉంది. కుడి మడమలో కెమెరా. తారుమారు చేసుకోకు."

"డ్రైవరెలా పోయాడు?"

"క్షవరం చేయించుకుంటూ. సైలెన్సర్ పిస్టల్. సగం గడ్డం గీశాక తల ఇటు తిప్పండి సార్ అంటే తిప్పలేదట. అప్పటిదాకా బార్బరుకి కూడా తెలీదు."

పెదనాన్న నిజానికి ఎవరికీ పెదనాన్న కాడు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో, అద్దాల డబ్బాల మధ్య కూర్చుని, గూఢచారి శాఖని నడిపే చీఫ్. ఆ శాఖలో పేర్లు నిషిద్ధం. అందరికీ వరసలే కోడ్ నేమ్‌లు. చాటుగా ఫోను వినేవాడికి ఏదో ఉమ్మడి కుటుంబం గోలలే అనిపించాలని ఏర్పాటు. అందువల్ల అరవై దాటిన చీఫ్ కూడా నలభై దాటిన ఏజెంటుని బావా అనే పిలవాలి. మొదట్లో ఇద్దరికీ సిగ్గేసేది. తర్వాత సిగ్గుపడే తీరిక లేకపోయింది.

"టార్గెట్?"

"సరిహద్దు గేటు అవతలి ఊళ్ళో టెలిఫోన్ ఆపరేటర్. ముసలాయన. కోడ్ నేమ్ మావయ్య. మన తమ్ముణ్ణి ఎత్తుకుపోయిన ముఠా ఫోన్లన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. వాణ్ణి ఎక్కడ దాచారో విన్నాడు."

బావ బూటు తాడు కడుతున్నవాడల్లా ఆగిపోయాడు. తమ్ముడు అతని పార్ట్‌నర్. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే అద్దెగదిలో, ఒకే బకెట్టుతో, ఒకే దువ్వెనతో సర్దుకున్నవాళ్ళు. తమ్ముడు మాయమయ్యాక ఆ దువ్వెన బావ ఒక్కడికే మిగిలింది. అది అతనికి నచ్చలేదు.

"బతికున్నాడా?"

"ఆయన విన్నప్పటికి ఉన్నాడు. మన రేవులోనే, మన ముక్కు కిందే ఎక్కడో. చీకటి పడ్డాక ఓడెక్కిస్తారు. ఎక్కించారంటే ఇక లేనట్టే."

"ఆ చోటేదో ఇప్పుడే చెప్పొచ్చుగా?"

"గేటు దాటించాకే చెబుతాడట. ముందే చెప్పేస్తే మనం దాటించమని తెలుసు. లోకం చూసినవాడు."

"గేటు ఎప్పుడు దించుతారు?"

"పొద్దు గూకగానే. కారు నంబరుతో సహా కాగితాలు సిద్ధం. నువ్వు అల్లుడివి, ఆయన మామగారు, మన మరదలు ఆయన కూతురు." పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆశ మాత్రం పెట్టుకోకు బావా. ఈ మధ్య మనం పట్టిందల్లా మట్టే అవుతోంది."

* * *

మరదలు డబుల్ ఏజెంట్. అవతలి ఊరి పెద్ద హోటల్లో రిసెప్షనిస్టు. ముఠా ఆమెని తమ మనిషి అనుకుంటుంది, శాఖ తమ మనిషి అనుకుంటుంది. నల్ల కళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫు, మందారంలాంటి ఎర్రటి గోళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ వెనక సందులో తను తెచ్చిన కారు పక్కన ఆమె నిలబడి ఉంటే ఆ పాత డొక్కు కారు కూడా సినిమాకి వచ్చిన కారులా కనిపించింది.

"ఏం బావా, మీసం వంకరగా ఉంది," అంది.

"గమ్ము వంకర. మీసం మంచిదే." బావ ఆమెకేసి చూశాడు. అంత అలంకారంలోనూ కుడి బొటనవేలి గోరుకి రంగు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. పాపం, పొద్దున్నే హడావుడి పడ్డట్టుంది అనుకున్నాడు.

షిఫ్టు దిగి ముసలాయన వచ్చాడు. చేతిలో గొడుగు, చెవుల మీద ఏళ్ళ తరబడి హెడ్‌ఫోను నొక్కిన గుర్తులు. బావ కోడ్ అడిగాడు: "అబ్బాయికి జ్వరం తగ్గిందా?"

"మందు మార్చాం," అన్నాడాయన. తర్వాత మర్యాదగా, "ఇంకేమైనా అడగాలా బాబూ? అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయిందండీ. ఎక్కండి."

బజారు మలుపులో క్లచ్ చచ్చింది. బావ గేరు మార్చబోయి పెడల్ తొక్కితే, అది అడుగులేని గోతిలో కాలు పెట్టినట్టు నేలదాకా దిగిపోయింది, పైకి రాలేదు. యాక్సిలరేటర్ వదిలి గేరు న్యూట్రల్‌లోకి లాగి, ఉన్న ఊపుతోనే కారుని పక్కసందులోకి దొర్లించాడు. కిందికి వంగి చూశాడు. గేర్ బాక్సు పక్క నుంచి క్లచ్‌కీ వాడే బ్రేక్ ఆయిల్ బొట్లు బొట్లుగా కారుతోంది. క్లచ్‌కి పెడల్ దగ్గర ఒక సిలిండరు, గేర్ బాక్సు దగ్గర ఇంకొకటి. మధ్యలో పైపు, దాని చివర జానెడు రబ్బరు హోస్. పెడల్ బలాన్ని ఆయిలే మోసుకెళ్ళాలి. హోస్ పగిలితే మోసేవాడు లేడు.

"వేరే కారు ఎక్కేద్దామా?" అంది మరదలు.

"కాగితాల్లో ఈ నంబరే ఉంది."

"క్లచ్ లేకుండా నడపలేవా?"

"ఖాళీ రోడ్డయితే లాక్కుపోతాను. గేటు దగ్గర క్యూ. అడుగడుక్కీ ఆగాలి, కదలాలి. ఆగినప్పుడల్లా ఇంజను ఆగిపోయి, కారు కప్పలా గెంతితే సంత్రీలు ఊరుకుంటారా?"

మరదలు నిట్టూర్చి, పౌడరు డబ్బా తెరిచి ముక్కుకి అద్దుకుంది.

సందు చివర రేకుల షెడ్డు, మెకానిక్ బోర్డు. లోపల మెకానిక్ లేడు. ఆయన భార్య బండి బానెట్ మీద ఉతికిన బట్టలు పరిచి మడతపెడుతోంది.

"ఆయన ఊరెళ్ళారండీ. రేపు రండి."

"రేపు కుదరదమ్మా. నేనే చేసుకుంటాను. పానాలిస్తే చాలు."

ఆమె ముగ్గుర్నీ పైనుంచి కిందికి చూసింది. ఆడమనిషి గోళ్ళ దగ్గర చూపు కాసేపు ఆగింది. "వాడిన పానా వాడినట్టు తుడిచి పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, కింద దుంగ పెట్టండి. కిందపడి పోయినవాళ్ళని బయటికి లాగడం నావల్ల కాదు. సామాన్లు ఆ గదిలో ఉన్నాయి."

బావ సామాన్ల గదిలోకి వెళ్ళగానే ఇనుప తలుపు మూసుకుంది, బయట గొళ్ళెం పడింది. బావ చెయ్యి పిస్టల్ మీదికి పోయింది.

"కంగారుపడకండి!" అందామె తలుపవతల నుంచి. "ఎవరెళ్ళినా ఇంతే. పోయినేడు ఎవరో క్లచ్ ప్లేటు చంకలో పెట్టుకుపోయాడు. కావలసింది తీసుకుని పిలవండి. చేతులు చూసి తీస్తాను."

గూఢచారిగా ఇన్నేళ్ళలో బావని ఇంత సులువుగా ఎవరూ బంధించలేదు.

మేకుకి పాతబండ్ల నుంచి విప్పిన హోస్‌లు వేలాడుతున్నాయి. సరిపోయేది ఏరి, వంచి పగుళ్ళున్నాయేమో చూసి, నోటితో ఊది లోపల గాలి ఆడుతోందని రూఢి చేసుకున్నాడు. రెండు రాగి వాషర్లు, సీలు తియ్యని బ్రేక్ ఆయిల్ సీసా కూడా తీసుకున్నాడు. చేతులు చూపించి విడుదలయ్యాడు.

ముగ్గురూ కారుని షెడ్డులోకి తోశాక బావ జాకీ ఎత్తాడు, దుంగ పెట్టాడు, కిందికి దూరాడు. చేతి వాచీలో వైర్‌లెస్ ఉంది, పెన్నులో పొగబాంబు ఉంది, చొక్కా గుండీలో మైక్ ఉంది. వీటిలో ఏ ఒక్కటీ నట్టు విప్పదు. తుప్పుపట్టిన నట్టుని పానాతో బతిమాలి బతిమాలి వదులు చేశాడు. పైపులోంచి మిగిలిన ఆయిల్ మోచేతి దాకా కారింది. చెమటకి మీసం ఊడి గుండెల మీద పడింది. తీసి జేబులో పెట్టుకున్నాడు.

పాత హోస్ చేతిలోకి వచ్చింది. అరిగి పగిలింది కాదు. ఒక పక్కన బ్లేడు గాటు, నీటుగా, మూడొంతుల లోతు వరకు. మిగతా పావువంతుని పెడల్ ఒత్తిడే చింపేసింది. బయల్దేరాక ఆగిపోవాలని ఎవరో లెక్క చూసి మరీ కోశారు.

అంటే ముఠాకి తెలుసు. డ్రైవరు పోయాడు, హోస్ కోశారు, ఇక ఏ మూల నుంచైనా వస్తారు. తమ్ముడి మొహం గుర్తు తెచ్చుకోబోతే సగమే గుర్తొచ్చింది. అయినా చేతులు ఆగలేదు. హోస్ మెలిపడకుండా బిగించాడు, వాషర్లు వేశాడు, నట్టు పట్టించాడు. ఆశ లేకపోయినా నట్టు బిగుస్తుంది, అదొక్కటే దాని మంచితనం.

ఇక మిగిలింది ఎయిర్ తియ్యడం. పైపులో ఆయిల్‌తోపాటు గాలి ఉంటే, పెడల్ ఎంత తొక్కినా గాలే నలుగుతుంది తప్ప క్లచ్ కదలదు. దీనికి ఇద్దరు కావాలి. సీట్లో ఒకరు పెడల్ తొక్కిపట్టాలి. కింద ఒకరు చిన్న నిపుల్ వదులు చేసి, గాలి, ఆయిల్ బయటికి వదిలి, మళ్ళీ బిగించాలి. బిగించాకే పైవాళ్ళు కాలు తియ్యాలి. ముందే తీస్తే బయటికి పోయిన గాలి మళ్ళీ లోపలికొస్తుంది. పైవాడికి కింద ఏం జరుగుతోందో కనపడదు, కిందివాడికి పై కాలు కనపడదు. నమ్మకమొక్కటే దిక్కు.

"మరదలా, సీట్లో కూర్చో. తొక్కు అంటే తొక్కు. వదులు అనేదాకా వదలకు. మావయ్యగారూ, మీరు బానెట్ దగ్గర నిలబడి క్లచ్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ ఉండండి."

"అలాగే బాబూ."

"తొక్కు!"

"తొక్కాను బావా."

నిపుల్ వదిలాడు. దానికి తగిలించిన ట్యూబు పొట్టిది, కింద పెట్టిన ఖాళీ డబ్బా దాకా అందక గాలిలో వేలాడుతోంది. బుడబుడమంటూ బుడగలు వచ్చాయి. బిగించాడు. "వదులు."

మళ్ళీ. మళ్ళీ. ఆయిల్ డబ్బాడు కారింది. బుడగలు మాత్రం తరగలేదు.

"పైపు చివర ఎక్కడైనా లూజుందేమో బావా," అంది మరదలు జాలిగా.

అతుకులన్నీ తడిమి చూశాడు. అన్నీ పొడిగా, బిగుతుగా ఉన్నాయి. రేకుల సందులోంచి పడే ఎండ పసుపు నుంచి ఎరుపుకి తిరుగుతోంది. ఈసారి నిపుల్ వదిలి, బిగించకుండా, ఊరికే ట్యూబు చూస్తూ పడుకున్నాడు. ఆయిల్ కిందికి కారింది, ఆగింది. అతను వదలమనలేదు. ట్యూబులో ఆయిల్ నెమ్మదిగా వెనక్కి, పైకి నడిచింది. దాని వెనకే గాలి.

మొదట, హైహీల్సు కదా, పెడల్ మీంచి కాలు జారుంటుంది అనుకున్నాడు. రెండోసారీ అలాగే చూశాడు. రెండోసారీ అలాగే నడిచింది.

అప్పుడు గోరు గుర్తొచ్చింది. బ్రేక్ ఆయిల్ పడితే కారుకి వేసిన రంగే ఉబ్బి ఊడుతుంది, గోటి రంగెంత? పొద్దున, కారు ఇంకా బాగున్నప్పుడే, ఆమె బొటనవేలికి ఆ ఆయిల్ అంటి ఉంది.

బావ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఛాతీ మీద కారు. దుంగ ఆమె కాలికందేంత దూరంలో. అరవడానికి లేదు, లేవడానికి లేదు. ముఠాకి ముసలాయన ప్రాణాలతో కావాలి, ఎవరెవరికి ఏమేం చెప్పాడో కక్కించాలి. అందుకే ఆమె ఎవర్నీ చంపకుండా, ఇందాక తెరిచిన పౌడరు డబ్బాలోని సిగ్నల్ పట్టుకుని వాళ్ళు వచ్చేదాకా, ఓపిగ్గా గాలి ఎక్కిస్తూ కూర్చుంది.

"మరదలు పిల్లా," అన్నాడు, గొంతులో మామూలు విసుగు నింపుకుని. "ఆయిల్ అయిపోయింది. ఆ గదిలోంచి ఇంకో సీసా పట్రా. నేను లేస్తే మళ్ళీ దూరలేను."

హైహీల్సు టకటకలాడుతూ వెళ్ళాయి. ఇనుప తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది.

బావ పాకుతూ బయటికొచ్చాడు. "అమ్మా, ఆవిడ పిలిచినా తీయకండి."

"ఏం కొట్టేసింది?"

"చాలా."

మెకానిక్ భార్య గొళ్ళేనికి తాళం కూడా వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. "మొహం చూసినప్పుడే అనుకున్నా."

లోపల్నించి తలుపు మీద రెండు తూటాలు తగిలాయి. ఇనుము చెక్కుచెదరలేదు. తర్వాత మరదలి గొంతు, కోపం లేకుండా, అలసిపోయినట్టుగా వినిపించింది. "బావా. తెలిసిపోయిందా?"

"తెలిసింది."

"నా మీద కోపమా?"

"టైము లేదు."

"నువ్వు గెలవలేవు బావా. మీ వాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు, నీకూ తెలుసు. నేను కాస్త ముందు చూసుకున్నాను, అంతే. తమ్ముడు బతికే ఉన్నాడని ఎవరు చెప్పారు నీకు? ఫోన్లో ఎవరో ఎవరితోనో అన్న మాట. ఆ మాట నేనే పెట్టించి ఉండొచ్చుగా?"

ఆమె చెప్పేది నిజమే కావచ్చు. బతుకంతా అబద్ధాలాడిన మనిషి ఒక్కోసారి నిజం ఎందుకు చెబుతుందో ఎవరికి తెలుసు? అతను పానా తుడిచి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"మావయ్యగారూ, మీరు కూర్చోవాలి సీట్లో."

"నాకు బండి రాదు బాబూ."

"రానక్కర్లేదు. తొక్కి పట్టుకోండి. నేను చెప్పేదాకా తియ్యకండి."

"ఆ పనా," అన్నాడాయన, తేలిగ్గా. "జీవితమంతా అదే చేశాను. అవతలివాళ్ళు అయిపోయింది అనేదాకా కనెక్షన్ తియ్యకూడదు. ఒకసారి స్విచ్‌బోర్డు నుంచి పొగొచ్చింది. అందరూ బయటికి పరిగెత్తారు. నా లైన్లో ఒకమ్మాయి వాళ్ళమ్మతో ఏడుస్తోంది. ఎలా తీస్తాను?"

మెకానిక్ భార్య బట్టల మూట పక్కన పెట్టి, ఆయిల్ పోయడానికి బానెట్ దగ్గరికొచ్చింది.

"తొక్కండి!"

"తొక్కాను బాబూ. మాట్లాడుకోండి."

నిపుల్ వదిలాడు. బుడగలు. కావాలనే కాసేపు ఆగాడు. ట్యూబులో ఆయిల్ అంగుళం కూడా వెనక్కి కదల్లేదు. బిగించాడు.

"అయిందా అండీ?"

"అయింది. వదలండి. తొక్కండి!"

బుడగలు పల్చబడ్డాయి. సందు మొదట్లో వ్యాను హారను మోగింది. ముసలాయన కాలు వణకడం పెడల్ మీదుగా, పైపు మీదుగా, బావ చేతిలోని పానా దాకా తెలుస్తూనే ఉంది. కాలు మాత్రం లేవలేదు.

"బాబూ, ఎవరో వస్తున్నట్టున్నారు. అయిందా?"

"ఇంకొక్కసారి."

ఈసారి ట్యూబులోంచి గాలి లేని ఆయిల్ తేనెలా ఒకే ధారగా దిగింది. బావ నిపుల్ బిగించాడు. పెడల్ గట్టిపడింది. దుంగ తీసి, జాకీ దించి, పానాలు తుడవకుండానే, ముసలాయన్ని పక్కసీట్లోకి జరిపి సీట్లోకి దూకాడు.

"తుడవలేదండీ!" అంది మెకానిక్ భార్య, షెడ్డు వెనక గేటు తెరుస్తూనే.

"క్షమించండమ్మా!" క్లచ్ తొక్కాడు. మొదటి గేరు వెన్నలో కత్తిలా దిగింది. ముందు గేటు లోంచి నల్లవ్యాను లోపలికి, వెనక గేటు లోంచి డొక్కు కారు బయటికి.

* * *

గేటు దగ్గర క్యూ కొండచిలువలా కదులుతోంది. ఆగడం, కదలడం, ఆగడం. ఒక ఆగుడులో బావ జేబులోని మీసం తీసి మళ్ళీ అంటించుకున్నాడు. ప్రతి ఆగుడికీ బావ కాలికింద క్లచ్ బుద్ధిగా పనిచేసింది. వెనక దూరంగా నల్లవ్యాను ఆగింది. అందులోంచి దిగిన ఇద్దరు క్యూ వెంబడి కారుకారుకీ వంగి చూస్తూ నడుచుకొస్తున్నారు. పొద్దు కొండ మీద ఆనింది.

సంత్రీ కాగితాలు చూశాడు. "ముగ్గురని ఉంది. కూతురేది?"

బావకి ఎన్ని రకాల అబద్ధాలకో ట్రెయినింగ్ ఇచ్చారు, దీనికి ఇవ్వలేదు. ముసలాయనే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అలిగి దిగిపోయిందండీ. దారిలో కారు చెడిపోయిందని."

"మరి వదిలేసి వచ్చేశారా?"

"వెనక్కి తిప్పమంటే, మిమ్మల్ని కూడా దింపేస్తానంటున్నాడు అల్లుడు."

సంత్రీ బావ మొహంలోకి చూశాడు. ఆయిల్ మరకలు, వంకర మీసం, లోకంలో ఏ ఆశా మిగలని కళ్ళు. సాటి సంసారిని గుర్తుపట్టినట్టు తలూపాడు. "పోండి. గేటు దించేస్తున్నాం."

వెనక ఆ ఇద్దరూ పరుగందుకున్నారు. కారు దాటిన మరుక్షణం, దాని వెనక బంపరు మీద గాలి విసురుతూ గేటు దుంగ పడింది. పరుగెత్తేవాళ్ళు దుంగకి అవతల ఆగిపోయారు.

ఇవతలి చెక్‌పోస్టు గదిలో పెదనాన్న, బల్ల, ఒక ఫోను. ముసలాయన కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, ఒకే వాక్యంలో చెప్పాడు. రేవు వెనక ఐసు ఫ్యాక్టరీ, పై అంతస్తు. పెదనాన్న ఆ మాట ఫోన్లో అప్పజెప్పాడు. తర్వాత ముగ్గురూ ఫోనుకేసి చూస్తూ కూర్చున్నారు. బయట చీకటి పడింది. మరదలి మాట బావ చెవిలో తిరుగుతూనే ఉంది.

ఫోను మోగింది. పెదనాన్న విన్నాడు, మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. "ఉన్నాడు. ఫ్యాక్టరీ నుంచి తరలిస్తుంటే ఓడ మెట్ల దగ్గర మనవాళ్ళు పట్టుకున్నారు. కుడి చెయ్యి ఇక పనికిరాదంటున్నారు. ఊపిరుంది." రిసీవరు బావకి అందించాడు.

అవతల చాలాసేపు దగ్గు. తర్వాత చిక్కిపోయిన గొంతు. "బావా... ఇంతాలస్యమా?"

"దారిలో కారు చెడిపోయిందిరా," అన్నాడు బావ.

"పో బావా," అంది గొంతు. "ఇన్నేళ్ళ సర్వీసు నీది. ఇంతకంటే మంచి సాకు దొరకలేదా?"